150 రూపాయలతో పాతబస్తీ బజార్లో ఒక పూట

(హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ హాస్టల్ విద్యార్థినులతో మాట్లాడిన మాటలు. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి తల్లీ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీ వార్డెన్ మేడం నన్ను పిలిచినప్పుడు ఒక మాటన్నారు. "సార్, మా పిల్లలు మూడేళ్ళు ఈ ఊళ్ళో ఉంటారు. చార్మినార్ ముందు ఒక ఫొటో దిగి వచ్చేస్తారు. అక్కడి బజార్లు తిరిగి చూడండే అంటే, చేతిలో పైసలుండాలి కదా మేడం అంటారు" అని. ఎన్ని పైసలుండాలి? ఆ లెక్క చెప్పడానికే వచ్చాను. పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాకా తిరిగాను. ఒక్కటి తప్ప పెట్టిన ప్రతి ఖర్చూ ఈ చీటీ మీద రాసుకున్నాను. బస్సుకు రానూపోనూ 60. చాయ్, బిస్కెట్లు 45. చార్మినార్ టికెట్టు 25. దోశ 60. తిరిగొచ్చే ముందు ఇంకో చాయ్ 20. మొత్తం 210 రూపాయలు. ఇందులో బస్సు ఖర్చు మీకు లేదు. 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అంటే మీకు 150 రూపాయలు. గాజులు కూడా కొన్నాను, అది ఈ చీటీలో రాయలేదు. ఎందుకు రాయలేదో తర్వాత చెబుతాను. నేను ఇవాళ చెప్పదలుచుకున్న అసలు సంగతి అదే.

మాది నల్గొండ జిల్లా. పాతికేళ్ళకు పైగా చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి బజార్లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాశాను. కాబట్టి అది నాకు చూడటానికి వెళ్ళే చోటు కాదు, అన్నం పెట్టిన చోటు. కానీ నేను మొట్టమొదటిసారి ఆ బజారుకు వెళ్ళిన రోజు మాత్రం మోసపోయి వచ్చాను. అది ముందు చెబుతాను.

మా అక్క పెళ్ళి కుదిరింది. ముత్యాల దండ పెట్టాలని మా నాన్న కోరిక. ఆయనా నేనూ పొద్దుటి బస్సుకు బయలుదేరి గౌలిగూడ బస్టాండులో దిగాం. దిగీ దిగగానే ఒక రిక్షా అతను "మంచి దుకాణం చూపిస్తా పెద్దాయనా, కిరాయి కూడా వద్దు" అన్నాడు. కిరాయి వద్దన్నాడంటే ఎవరో ఇస్తారనే కదా. మాకు ఆ ఆలోచన రాలేదు. తీసుకెళ్ళి ఒక దుకాణంలో కూర్చోబెట్టాడు, చల్లటి షర్బత్ ఇప్పించారు. నాన్న పంచె మడతలోంచి నోట్లు తీసి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఏడాది తిరగకుండానే ఆ ముత్యాల పైపొర లేచిపోయింది. గోరుతో గీరితే పెచ్చులుగా ఊడి, లోపల తెల్లటి గాజుపూస కనిపించింది. అక్క అత్తగారింట్లో ఎవరూ ఏమీ అనలేదు. నాన్న మాత్రం చాలా రోజులు ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

తర్వాత అదే బజార్లో పనికి కుదిరాక, ముత్యాలు గుచ్చేవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రెండు ముత్యాలు తీసుకుని ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దండి, లేదా పంటి అంచుకు తగిలించి చూడండి. అసలుదైతే సన్నటి ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటుంది. నకిలీది జారిపోతుంది. బెజ్జం దగ్గర కూడా చూడండి, రంగు పూత ఉంటే అక్కడే ముందు లేస్తుంది. ఇంకో సంగతి. మన ఊరికి సముద్రం లేదు. ఒకప్పుడు పర్షియన్ గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి, ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ చైనా మంచినీటి ముత్యాలు. హైదరాబాద్ పనితనమంతా బెజ్జం వేయడంలో, సైజులవారీగా ఏరడంలో, గుచ్చడంలో ఉంది. ఆ పని చూడటానికి పైసా ఖర్చు లేదు. అడిగితే చూపిస్తారు. మా నాన్నకు, నాకు ఆ రోజు ఒక గంట సమయం ఉండి, నాలుగు దుకాణాల ముందు ఊరికే నిలబడి ఉంటే, ఆ డబ్బు పోయేది కాదు. తక్కువ డబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువ సమయం తెచ్చుకోవాలి. బజారుకు తొందరపడి వెళ్ళినవాడి దగ్గరే ఎక్కువ లాగుతారు.

సరే, ఇప్పుడు నడుద్దాం.

అఫ్జల్‌గంజ్‌లో దిగండి. మెట్రోలో వచ్చేవాళ్ళు ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో దిగినా పర్వాలేదు. పొద్దున ఏడున్నరకల్లా అక్కడుంటే మంచిది. ఆటో ఎక్కకండి. అక్కడి నుంచి చార్మినార్ దాకా నిదానంగా నడిచినా అరగంట దాటదు, పైగా దారిలో ఉన్నదంతా ఆటోలో కనపడదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చింది. వేలమంది కొట్టుకుపోయారు. ఆ చెట్టు కొమ్మలెక్కి 150 మంది దాకా బతికారు. అమ్జద్ హైదరాబాదీ అనే గొప్ప ఉర్దూ కవి ఆ వరదలోనే తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. మనం చూడబోయే బజారుకు ఇప్పుడున్న రూపం ఆ వరద తర్వాత వచ్చిందే, అందుకే ముందు ఈ చెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగమంటాను.

మూసీ మీది నయాపూల్ వంతెన దాటండి. కుడివైపు ఎర్రరాయి, గులాబీ రంగు రాయి కలిపి కట్టిన హైకోర్టు భవనం, 1920లో తెరిచారు. వంతెన మీద నుంచి చూస్తే దాని గుమ్మటాలు పొద్దుటి ఎండలో బాగా కనిపిస్తాయి. ఎడమవైపు నది ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. అది ఇంకో రోజుకు ఉంచుకోండి. దానికే ఒక పూట కావాలి, శుక్రవారం మూసి ఉంటుంది.

మదీనా చౌరస్తా దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. చాలామంది పక్కనుంచే వెళ్ళిపోతారు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ కట్టించాడు. మొహర్రంలో పీర్లు నిలబెట్టే చోటు. చెప్పులు విప్పి, అక్కడున్నవాళ్ళను అడిగి లోపలికి వెళ్ళండి. గోడ నిండా రంగు రంగుల మెరుగు పలకలు, అంటే టైల్స్. పసుపు, నీలం, ఆకుపచ్చ. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ పసుపు రంగు నిన్న వేసినట్టుంటుంది. కొంచెం కిందికి చూపు దించండి. గోడ కింది భాగంలో పలకలుండవు, అదే నమూనాను రంగులతో వేసి ఉంటుంది. అసలు పలకలు ఆ 1908 నీళ్ళలో పోయాయి. వరద ఎంత ఎత్తు వచ్చిందో ఆ గోడ మీద చూపు పెట్టి కొలుచుకోవచ్చు. దీనికి టికెట్టు లేదు. మన ఊళ్ళో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గోడ అది.

అక్కడి నుంచి పత్తర్‌గట్టి మొదలు. ఇక్కడే ఏడున్నరకు రమ్మని ఎందుకన్నానో తెలుస్తుంది. పదకొండు దాటాక వెళ్తే మీకు చీరలు, షేర్వానీలు, బోర్డులు, జనం కనిపిస్తారు. దుకాణాలు తెరవకముందు వెళ్తే రాతి తోరణాలు కనిపిస్తాయి. వరసగా రోడ్డుకు రెండు పక్కలా ఒకే కొలతలో తోరణాలు, వాటి కింద నడవడానికి నీడ, లోపల దుకాణం, పైన ఇల్లు. వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారిది. ఎండలో, వానలో కొనేవాడికి ఇబ్బంది కాకూడదని ఆలోచించి కట్టినవాళ్ళు వాళ్ళు. నేను పని చేసిన రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా ఆ నడవాలో చల్లగా ఉండేది. ఇప్పుడు ఆ నడవాలన్నీ దుకాణాలు ముందుకు జరిపి నింపేశారు, బోర్డులతో తోరణాలు కప్పేశారు. వెళ్ళిన ప్రతిసారీ నాకు మనసు కష్టంగా ఉంటుంది. మీరైనా తల పైకెత్తి చూడండి.

పత్తర్‌గట్టి చివర మచిలీ కమాన్. దాని కిందుగా వెళ్తే గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా నాలుగు కమానులు, మధ్యలో నీటి తొట్టి. కుతుబ్‌షాహీ రాజమహల్ ముందరి పెద్ద మైదానం ఇదే. పడమటి కమాను లోపలికి వెళ్తే ఒకప్పుడు కోట. దాని పేరు కమాన్ ఎ సెహర్ ఎ బాతిల్, అంటే మంత్రతంత్రాలను వమ్ము చేసే కమాను. తూర్పున కాలీ కమాన్, అందులోంచి వెళ్తే మీర్ ఆలం మండీ, కూరగాయల బజారు. దక్షిణాన చార్మినార్ కమాన్. గుల్జార్ హౌజ్‌ను మొదట చార్ సూ కా హౌజ్ అనేవాళ్ళట, నాలుగు దిక్కుల తొట్టి అని. జనం నోట్లో పడి అది సూకా హౌజ్, అంటే ఎండిపోయిన తొట్టి అయిపోయిందనీ, అది అశుభంగా ఉందని గుల్జార్ హౌజ్ అని మార్చారనీ చెబుతారు. జనం నోరు అంత బలమైనది.

ఈ చుట్టుపక్కల ఎక్కువగా బంగారం, వెండి, ముత్యాల దుకాణాలు. వాటి పైన, వెనక కుటుంబాలు ఉంటాయి. 2025 మే 18 పొద్దున ఇక్కడే ఒక ఇంటికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. కింద దుకాణం, పైన ఇల్లు, ఇరుకు మెట్లు. నేను ఆ గల్లీల్లో తిరిగినవాణ్ణి, ఆ వార్త విన్న రోజు అన్నం సహించలేదు. అందుకే చెబుతున్నాను, అది చూసిపోయేవాళ్ళ కోసం పెట్టిన సెట్టింగు కాదు, మనుషులు కాపురాలు చేస్తున్న చోటు. గల్లీలోకి వెళ్ళి తలుపు లోపలికి ఫోన్ పెట్టి ఫొటో తీయకండి. అడగండి. ఎక్కువమంది సరే అంటారు. వద్దంటే నవ్వి ముందుకు సాగండి.

గుల్జార్ హౌజ్ దగ్గరే బండి మీద దోశ వేస్తారు, పొద్దున్నే జనం మూగి ఉంటారు. వెన్న, కారప్పొడి, ఉప్మా వేసి తిప్పి ఇస్తారు. ఆ ఒక్క దోశతో మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. అక్కడి నుంచి చార్మినార్ పక్కన ఇరానీ చాయ్. పొద్దున్నే తెరిచి ఉంటుంది. పాలు వేరే, డికాక్షన్ వేరే కాస్తారు. గట్టిగా, పాలు ఎక్కువగా కావాలంటే "పౌనా" అనండి. ఉస్మానియా బిస్కెట్టు కొంచెం తియ్యగా, కొంచెం ఉప్పగా తగులుతుంది. చాయ్‌లో ముంచితే వెంటనే తీయాలి, ఆలస్యం చేస్తే కింద పడిపోతుంది. కప్పు పట్టుకుని బయటికొచ్చి నిలబడితే ఎదురుగా చార్మినార్. పెద్ద హోటల్లో ఇంతకన్నా మంచి కుర్చీ దొరకదు.

చార్మినార్ గురించి మీకు తెలుసు, 1591. పైకి ఎక్కమని మాత్రం గట్టిగా చెబుతాను. 25 రూపాయల టికెట్టు, తొమ్మిదిన్నర దాటాక ఎక్కనిస్తారు. మెట్లు ఇరుగ్గా, మెలికలు తిరిగి ఉంటాయి, గోడ పట్టుకుని ఎక్కండి. పై నుంచి నాలుగు దిక్కులా నాలుగు రోడ్లు గీత గీసినట్టు పోతుంటాయి. ఉత్తరాన ఇంతసేపు మీరు నడిచొచ్చిన దారి, కమానులు. కింద తిరిగేటప్పుడు చిక్కుముడిలా ఉన్న బజారు పైకెక్కితే విడిపోతుంది. ఈ నగరాన్ని ముందు కాగితం మీద గీసి కట్టారనే సంగతి అక్కడ నిలబడితేనే మనసుకు ఎక్కుతుంది. మినార్ల నడుమ నాలుగు గడియారాలు 1889లో పెట్టారు.

మక్కా మసీదు పక్కనే. 1617లో మొదలుపెడితే ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. టికెట్టు లేదు. తలమీద చున్నీ వేసుకోండి, మోకాళ్ళు కనపడని బట్టలు వేసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వద్దు, ఆ సమయం వాళ్ళది.

ఇక లాడ్ బజార్. చార్మినార్ నుంచి పడమటి వైపు. నేను మిమ్మల్ని తీసుకొచ్చింది ఇక్కడికే.

లాడ్ అంటే ముద్దు, గారాబం అని కొందరు, లక్క నుంచి వచ్చిన మాట అని కొందరు. నాకు లక్కే నిజమనిపిస్తుంది. మనవాళ్ళు తెలుగులో "చార్మినార్ గాజులు" అంటారు కానీ ఆ బజారుకు వెళ్ళాక అందరూ చూడీ బజార్ అనే అంటారు, చూడీ అంటే గాజు. ఉదయం పదకొండుకు దుకాణాలు తెరుచుకుంటాయి. అద్దాల అరల్లో లైట్లు వేయగానే ఎదురు గోడలు కూడా తళుక్కుమంటాయి. ఇక్కడ అమ్మేవాళ్ళలో చాలామందికి తెలుగు చక్కగా వచ్చు. "రా అమ్మా, చూడు అమ్మా, చూస్తే పైసల్లేవు" అంటారు. నిజంగానే చూస్తే పైసల్లేవు, వెళ్ళి చూడండి.

గాజు కొలత ముందు తెలుసుకోండి. "టూ ఫోర్", "టూ సిక్స్", "టూ ఎయిట్" అంటారు. టూ ఫోర్ అంటే రెండు అంగుళాలూ, అంగుళంలో పదహారు భాగాలు చేస్తే అందులో నాలుగు. అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండుంపావు అంగుళాలు. మీ చేతికి సరిపోయే గాజు ఒకటి ఇంటి దగ్గర స్కేలు పెట్టి కొలుచుకుని వెళ్తే అమ్మేవాళ్ళు మీతో మాట్లాడే తీరే మారుతుంది.

లక్క గాజు ఎలా చేస్తారో చూడాలంటే పెద్ద దుకాణాల వెనక గల్లీల్లోకి వెళ్ళాలి. నేను చూసిన గదిని చెబుతాను. మంచమంత గది. మధ్యలో బొగ్గుల కుంపటి. ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయరు, నిప్పు చెదురుతుంది, లక్క గట్టిపడుతుంది. కుంపటి మీద వేడెక్కిన లక్క ముద్దను ఒకాయన చెక్కపలకతో పొర్లించి పొర్లించి పుల్లలా సాగదీశాడు. రంగు లక్క ముద్దను దాని మీద రుద్దితే రంగు పట్టింది. దాన్ని కొలత కర్రకు చుట్టి అంచులు కలిపాడు. అతుకు ఎక్కడుందో నేను ఎంత వెతికినా కనిపెట్టలేకపోయాను. తర్వాత ఆ గాజు గోడవారన కూర్చున్న ఆమె చేతికి వెళ్ళింది. ఆమె దాన్ని సెగకు చూపించి, మెత్తబడగానే సూది లాంటి పనిముట్టు కొనతో ఒక్కో రాయీ ఎత్తి అద్దుతోంది. గట్టిపడితే మళ్ళీ సెగ, మళ్ళీ రాళ్ళు. వేళ్ళ కొనలు గట్టిగా, నున్నగా అయిపోయి ఉన్నాయి. నాతో మాట్లాడుతూనే ఉంది కానీ కళ్ళు ఎత్తలేదు. "వేడి చల్లారితే రాయి కూర్చోదు సాబ్" అంది.

ఆ గాజును నేను చేతిలోకి తీసుకుని రాళ్ళు లెక్కపెట్టాను. మూడు వరసలు, వరసకు 48. ఒక గాజుకు 144, జతకు 288. ఇప్పుడు వినండి. అదే రోజు బయట దుకాణంలో అలాంటి జతే 300 చెప్పారు. నా పక్కన ఒకావిడ బేరమాడి బేరమాడి 150కి తెచ్చింది, సంతోషంగా వెళ్ళింది. నేను లెక్కలు రాసినవాణ్ణి కదా, అలవాటు కొద్దీ మనసులో భాగించుకున్నాను. 150ని 288తో భాగిస్తే ఒక రాయికి అర్ధరూపాయి కొంచెం పైన. ఆ అర్ధరూపాయిలోనే లక్క, రంగు, రాయి, బొగ్గులు, దుకాణం అద్దె, అమ్మేవాడి లాభం, ఇవన్నీ పోవాలి. మిగిలింది ఆ గోడవారన కూర్చున్న ఆమెకు. ఆమెకు ఎంత మిగిలి ఉంటుందో మీరే ఆలోచించండి.

అందుకే గాజుల ఖర్చు ఆ చీటీలో రాయలేదు. తక్కువ ఖర్చుతో తిరగడం నేర్చుకోండి, బస్సులో రండి, నడవండి, బండి మీద తినండి, టికెట్టు లేనివి చూడండి. ఇవన్నీ మీ జేబులోంచి మీరు మిగుల్చుకునేవి. చేత్తో చేసిన వస్తువు దగ్గర మిగిల్చేది మాత్రం ఇంకొకరి కూలీలోంచి వస్తుంది. నేను ఆ రోజు మా మనవరాలికి ఒక్క జతే తీసుకున్నాను, వాళ్ళు చెప్పిన 300లో 20 తగ్గించి ఇస్తే 280 ఇచ్చాను. రెండు జతలు 150 చొప్పున తీసుకునే బదులు ఒక జత.

బేరమే ఆడొద్దని అనడం లేదు. బేరం మన బజార్ల సంప్రదాయం, అమ్మేవాళ్ళకూ అది ఇష్టమే. మిషన్ మీద చేసిన క్లిప్పులు, మెటల్ గాజులు, చెప్పులు, బ్యాగులు, వాటికి గట్టిగా ఆడండి. మూడు దుకాణాల్లో అడిగి, నాలుగో దుకాణంలో కొనండి. పొద్దున బోణీ వేళ వెళ్తే మొదటి బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేక తగ్గిస్తారు, అప్పుడు అడిగి కొనకుండా రావడం మాత్రం మర్యాద కాదు. డజను కొంటే కొసరు అడగండి. కానీ లక్క మీద రాళ్ళు అద్దిన గాజు చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు రాళ్ళు లెక్కపెట్టండి, ఆ తర్వాతే ధర అడగండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే గుర్తింపు. పేరుకు కాపు దొరికింది. చేసేవాళ్ళకు కాపు మనం ఇచ్చే ధరే.

లాడ్ బజార్ దాటాక మహబూబ్ చౌక్, పాత గడియార స్తంభం. ఆ చుట్టూ అత్తరు దుకాణాలు, పాత సామాన్లు. అత్తరు దగ్గర ఒక్క మాట. కొనకపోయినా వాసన చూపిస్తారు, ముంజేతి వెనక ఒక చుక్క రాస్తారు. పెద్దవాళ్ళు దూదిలో ముంచి చెవి మడతలో పెట్టుకుంటారు. "మిట్టీ అత్తర్" అడగండి. కాల్చిన మట్టి నుంచి తీసిన వాసన అది. తొలకరి చినుకు పడ్డప్పుడు మన చేలలో లేచే వాసనే. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మీకు ఆ వాసన ఏం చేస్తుందో నాకు తెలుసు.

ఆ వైపు గల్లీల్లో వెండి వరక్, అంటే మిఠాయిల మీద అంటించే పల్చటి వెండి రేకు, కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. రోజంతా ఠక్ ఠక్ మని సుత్తి చప్పుడు వినపడేది. మిషన్ మీద చేసిన వరక్ వచ్చాక ఆ చప్పుడు తగ్గిపోయింది. ఎక్కడైనా వినపడితే ఆగండి.

ఏమైనా అడుగుతారా? అడగండమ్మా.

ఆడపిల్లలం ఒంటరిగా వెళ్ళొచ్చా అంటున్నారు. పగటి పూట ఆ బజార్లో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళే ఎక్కువ. లాడ్ బజార్లో అయితే మరీను. ముగ్గురు నలుగురు కలిసి వెళ్ళండి, టెన్షన్ ఉండదు. జనంలో బ్యాగు ముందుకు వేసుకోండి. బాత్రూం సంగతి కూడా అడగాలనుకుని ఆగిపోయినట్టున్నారు, అది అడగాల్సిన విషయమే. బజార్ల మధ్య శుభ్రమైనవి దొరకడం కష్టం. దారిలో ఏదైనా మ్యూజియం, పెద్ద హోటల్ తగిలినప్పుడే పని చూసుకోండి. తిరిగినంతసేపూ నీళ్ళు మానేయకండి, ఎండకు కళ్ళు తిరుగుతాయి.

రంజాన్ రాత్రుల గురించి అడిగారు. తప్పకుండా చూడాలి. మదీనా నుంచి చార్మినార్ దాకా రాత్రంతా బజారు. కానీ అప్పుడు తోసుకుంటూ నడవాలి, ఏదీ నిలబడి చూడలేరు. ముందు మామూలు రోజు ఒకసారి వెళ్ళి దారులు తెలుసుకుని, తర్వాత రంజాన్‌లో ఇంటివాళ్ళెవరైనా వచ్చినప్పుడు వాళ్ళతో వెళ్ళండి.

బేగం బజార్? అది నదికి ఇవతలే. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలమని పేరు. హోల్‌సేల్. హాస్టల్ గదికి బకెట్లు, డబ్బాలు, డ్రై ఫ్రూట్స్ కలిసి కొనుక్కోవాలంటే అక్కడికి వెళ్ళండి, చాలా మిగులుతుంది. ఆదివారం మాత్రం వద్దు, ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి.

చివర్లో ఉన్న అమ్మాయి అడిగింది, "మరి 280 పెట్టి గాజులు కొనలేకపోతే?" అని. కొనకమ్మా. ఆ గదిలో పావుగంట నిలబడి చూడు. ఆమె పని బాగుందని ఆమెతో ఒక్క మాట చెప్పు. నేను చెప్పినప్పుడు అప్పుడు మాత్రం కళ్ళెత్తి చూసింది.

వచ్చే శనివారం పొద్దున ఏడున్నరకు అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో ఉంటాను, వచ్చేవాళ్ళు మీ మేడానికి పేర్లు ఇవ్వండి. పదిహేను మందికి మించితే గల్లీల్లో పట్టం, మిగిలినవాళ్ళను ఆ పై వారం తీసుకెళ్తాను. ఆధార్ కార్డు, నీళ్ళ సీసా, చున్నీ, తేలిగ్గా విప్పుకునే చెప్పులు. చేతి గాజు కొలుచుకుని రండి.

నమస్కారం.